పూత కింది లోహం: లాడ్జి పాత కుళాయిలు అమ్మిన అనుభవం

విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో మా మేనమామగారికి ఇరవై రెండు గదుల లాడ్జి ఒకటి ఉంది. పదకొండేళ్ళుగా దాని జమాఖర్చులు నేనే చూస్తున్నాను. 2024 డిసెంబరులో స్నానాల గదులన్నీ కొత్తగా చేయించాలని మామయ్య నిశ్చయించినప్పుడు, విప్పిన పాత సామాను అమ్మి ఆ డబ్బు ఖాతాలో జమ చేసే పని, లెక్కల మనిషిననే కారణంగా, నాకే అప్పగించారు. పాత ఇనుము అమ్మడంలో ఏముంది, కొట్టువాణ్ణి పిలిస్తే కాటా వేసి పట్టుకుపోతాడు కదా అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఎంత నష్టపోయానో తరువాత లెక్క కట్టి చూసుకున్నాను. ఆ అంకె ముందు ముందు చెబుతాను.

మా సామానులో ఉన్న చిక్కల్లా పూత లేని లోహం దాదాపుగా ఏదీ లేకపోవడమే. కుళాయిలకు క్రోమియం మెరుగు, నీటి పైపులకు జింకు పూత, పాత గీజర్ల రాగి తొట్లకు లోపలివైపు తగరం, గోడల మీద చెక్కపట్టీల వెంట పరిచిన పాత కరెంటు తీగలకు కూడా తగరమే. చిన్నప్పుడు మా వీధిలోకి కళాయివాడు వస్తే నాయనమ్మ ఇత్తడి గిన్నెలన్నీ తెచ్చి అరుగు మీద పెట్టించేది. నవాసారం పొగలో తగరం తళతళలాడుతూ గిన్నె లోపల పరుచుకోవడం కళ్ళారా చూసినవాణ్ణి. కళాయి వేసినంత మాత్రాన ఇత్తడి గిన్నె ఇత్తడి కాకుండా పోదని అప్పటినుంచీ తెలుసు. తెలిసీ, కుళాయిల దగ్గరికి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాను.

మొదటి విడతలో ఆరు గదుల సామాను విప్పారు. గోడ కుళాయిలు (బిబ్ కాక్‌లు), వాష్‌బేసిను కుళాయిలు (పిల్లర్ కాక్‌లు), నీటిని కట్టేసే యాంగిల్ కాక్‌లు, షవర్ ఆర్ములు, గోడ దగ్గర కుళాయి చుట్టూ ఉండే, అంచులు ఊడిన బిళ్ళలు (ఫ్లాంజీలు) అన్నీ రెండు గోనె సంచులలో పోసి మెట్ల కింద పెట్టాము. నాలుగు వీధుల అవతలి నుంచి ఒక పాత సామాను వ్యాపారి వచ్చి, సంచిలోంచి ఒక కుళాయి తీసి, పిడి నడిమి భాగాన అయస్కాంతం ఆనించాడు. అది టక్కున అంటుకుంది. "చూశారా సార్, లోపలంతా ఇనుమేనండి. పైకి పాలిషింగు. అక్కడక్కడ ఇత్తడి ఉన్నా ఇది మిక్స్ మాలే," అన్నాడు, కలగలుపు సరుకని అర్థం. కళ్ళెదుట అయస్కాంతం వేలాడుతుంటే నేను మాత్రం ఏమని వాదించగలను? ముప్పై రెండు కిలోలు తూగిన సామానులో సంచుల తరుగు కింద ఒక కిలో తీసేసి, మిగిలిన ముప్పై ఒక్క కిలోలకు కిలో 140 రూపాయల చొప్పున 4,340 రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళాడు. రెండు సంచులకు కిలో తరుగేమిటన్న అనుమానం కూడా నాకు ఆ పూట రాలేదు.

మర్నాడు పొద్దున్న ప్లంబరు మేస్త్రి వచ్చి ఖాళీగా ఉన్న మెట్ల కింది చోటు చూశాడు. "ఎంతకిచ్చేశారు బాబూ?" అని అడిగి, నేను చెప్పింది విని కాసేపు మాట్లాడలేదు. తరువాత ఏడో గది నుంచి అప్పుడే విప్పిన కుళాయి తెచ్చి, పిడి మీది బిళ్ళ ఊడదీసి, లోపలి మర మేకు తిప్పి తీశాడు. అది ఉక్కు మేకు. అయస్కాంతం పెడితే దానికి అంటుకుంది. కుళాయి ఒంటికి ఎక్కడ పెట్టినా అంటుకోలేదు. వ్యాపారికి ఈ సంగతి తెలియదని అనుకోవడానికి నాకు మనస్కరించడం లేదు. అయినా సరుకు ఏమిటో తెలుసుకోకుండా అమ్మినవాణ్ణి నేను, తెలిసి కొన్నవాడు ఆయన.

అక్కడి నుంచి మిగిలిన పదహారు గదుల సామాను మేము అమ్మిన తీరు వేరు. మేస్త్రి మొదట నేర్పినది పరికరమేదీ అక్కరలేని పరీక్ష. మా ఊరి ఉప్పుగాలికి ఏ మెరుగూ ఎక్కువ కాలం నిలవదు; క్రోమియం పొరకు సన్నని రంధ్రాలు పడి, అడుగున ఉన్న లోహం బయటికి ఊరుతుంది. ఆ ఊరిన రంగే లోపలున్నదేమిటో చెబుతుంది. చుక్కలు చుక్కలుగా పచ్చని చిలుము కట్టితే లోపల ఇత్తడి. మెరుగు పొక్కులుగా లేచి, పొక్కు చిదిమితే తెల్లని పొడి రాలితే అది జింకు పోత, అంటే అచ్చులో పోసిన జింకు. ఎర్రని తుప్పు కారితే ఉక్కు రేకు. నేను పదకొండేళ్ళుగా గదుల తనిఖీకి వెళ్ళినప్పుడల్లా ఆ మచ్చలు చూస్తూనే ఉన్నాను, తోమలేదని శుభ్రం చేసే మనుషులను మందలిస్తూనే ఉన్నాను. అవి మురికి మచ్చలు కావనీ, కుళాయి పుట్టుపూర్వోత్తరాలనీ నాకు తెలియదు.

మచ్చలు లేని వాటికి ఆకురాయి వాడాము. కుళాయి గోడలోకి పోయే మరల వెనుక, ఎవరికీ కనబడని చోట, నాలుగుసార్లు గట్టిగా రాస్తే చాలు. క్రోమియం పొర మందం సాధారణంగా ఒక మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) సగానికి మించదు. దాని కింద నికెల్ పొర కొన్ని మైక్రానులు ఉంటుంది. ఈ రెండూ ఆకురాయి మొదటి రెండు గీతలకే పోతాయి. ఆ తరువాత పసుపు కనిపిస్తే ఇత్తడి, పాలిపోయిన బూడిద రంగు కనిపిస్తే జింకు. తేల్చుకోలేనివి పదో పన్నెండో మిగిలాయి. అప్పటికే మా ఆవిడ వంటింటి డిజిటల్ త్రాసు నా బల్ల మీదికి చేరింది.

ఆ త్రాసుతో చేసిన పని ఇదీ. రబ్బరు వాషర్లు, ఉక్కు మేకులు తీసేసిన బిబ్ కాక్ ఒంటిని మామూలుగా తూస్తే 425 గ్రాములు వచ్చింది. తరువాత త్రాసు మీద నీళ్ళ గిన్నె పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, ఆ ముక్కను దారంతో వేలాడదీసి, గిన్నె అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా నీళ్ళలో ముంచాను. త్రాసు 50 గ్రాములు చూపించింది. అది తొలగిన నీటి బరువు. 425ను 50తో భాగిస్తే ఎనిమిదిన్నర; ఇత్తడి సాంద్రత ఉండవలసిన చోటే ఉంది. అదే కుళాయి పిడి విడిగా 132 గ్రాములు తూగి, నీళ్ళలో 20 చూపించింది, అంటే 6.6. అది జింకు పోత, వ్యాపారులు జమాక్ అంటారు. పైకి రెండింటి మెరుగూ ఒకటే, రెండూ ఒకే కుళాయివి. ముంచేటప్పుడు లోపల గాలి బుడగ చిక్కుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి, ముక్కను నీళ్ళలో రెండుసార్లు తిప్పి గాలి పోనిచ్చాను. ఇంటికి వెళ్ళాక త్రాసును రెండుసార్లు కడిగించారు, అది వేరే సంగతి.

వేరు చేయడానికి మూడు రోజులు పట్టింది. పిడులు విప్పి జింకు ఒక బస్తాలోకి, ఒళ్ళూ, పిడితో పాటు తిరిగే లోపలి కడ్డీలూ (స్పిండిళ్ళు) ఇత్తడి బస్తాలోకి, ఫ్లాంజీలలో అయస్కాంతానికి అంటుకునేవి ఇనుములోకి, అంటుకోనివి స్టెయిన్‌లెస్ స్టీలులోకి వేశాము. పదహారు గదులకూ కలిపి 83 కిలోల సామానులో ఇత్తడి 58.5 కిలోలు, జింకు 11, ఇనుము 6, స్టెయిన్‌లెస్ 3 కిలోలు తేలాయి. మిగిలిన నాలుగున్నర కిలోలు రబ్బరూ ప్లాస్టిక్కూ. జింకు పిడులను ఇత్తడిలోంచి ఏరడం మా లాభం కోసం మాత్రమే కాదని తరువాత తెలిసింది. జమాక్‌లో నాలుగు శాతం దాకా అల్యూమినియం ఉంటుంది. ఇత్తడి కరిగించేవారికి అది మూసలో అక్కరలేని కలగలుపు. పిడులతో సహా వచ్చిన కుళాయిలను వ్యాపారి మిక్స్ కింద కట్టడానికి ఉన్న న్యాయమైన కారణం అది. మొదటి వ్యాపారి ఆ కారణం చెప్పి ఉంటే నాకు ఆయన మీద ఫిర్యాదు ఉండేది కాదు.

ఈ మధ్యలో మా లాడ్జికి బట్టలు వేసే లాండ్రీ అబ్బాయి ఒక సలహా ఇచ్చాడు. కుళాయిలను యాసిడ్‌లో వేస్తే మెరుగంతా పోయి పసుపు ఇత్తడి బయటపడుతుందనీ, అప్పుడు ఎవరూ బేరమాడరనీ అన్నాడు. మామయ్యకు ఆ ఆలోచన నచ్చింది కూడా. నేను ఒప్పుకోలేదు. క్రోమియం, నికెల్ కరిగిన ఆ ద్రావకాన్ని మా మురుగు కాలువలోకి వదలడం ఎలాగూ తప్పు. పైగా ఆ పొర తీసినందువల్ల పెరిగే ధర ఏమీ లేదు. తుక్కు వ్యాపారంలో పసుపు ఇత్తడి సరుకును అంతర్జాతీయంగా హనీ అనే గుర్తింపు పేరుతో వ్యవహరిస్తారు. ఆ రకంలో మెరుగు పూసిన ఇత్తడిని కూడా అంగీకరిస్తారని ఆ నిర్వచనంలోనే ఉంది. కొలిమిలోకి పోయాక పదిహేను మైక్రానుల నికెల్ ఎవరికీ లెక్కలోకి రాదు.

గీజర్ల సంగతి కుళాయిలంత చిక్కుగా లేదు. ఇరవై రెండింటిలో పద్నాలుగు పాతవి, వాటి లోపలి తొట్లు రాగివి, లోపలివైపు తగరం పూతతో ఉన్నాయి. మిగిలిన ఎనిమిది తరువాత కొన్నవి. వాటి తొట్లు ఉక్కువే, లోపల గాజు ఎనామెల్ పూత. పై డబ్బా విప్పి అయస్కాంతం పెడితే రెండు రకాలూ ఒక్క నిమిషంలో వేరయిపోయాయి. రాగి తొట్లలో బోరు నీటి సున్నం వేలెడు మందాన గట్టకట్టుకుని ఉంది. దాన్ని అలాగే పట్టుకెళితే వ్యాపారి తరుగు తన ఇష్టం వచ్చినంత వేస్తాడు కనుక, చెక్క సుత్తితో కొట్టి రాల్చి శుభ్రం చేయించాను. మూడు కిలోల పైనే రాలింది.

జింకు పూత వేసిన ఇనుప నీటి పైపుల (జి.ఐ. పైపుల) విషయంలో మాత్రం మేము చేసుకోగలిగింది పెద్దగా లేదు. పూత కింద ఉన్నది ఇనుమే కనుక ఇనుము ధరకే పోయింది, అదీ మామూలు ఇనుము కన్నా కిలోకు రెండు రూపాయలు తక్కువకు. ఎందుకు తగ్గిస్తారని తరువాత ఆటోనగర్ వ్యాపారిని అడిగితే, ఆయన చెప్పిన జవాబు నాకు సబబుగానే తోచింది. ఆ సరుకు కడ్డీలు తీసే ఇండక్షన్ ఫర్నేసులకు, అంటే కరెంటుతో నడిచే కొలిములకు పోతుంది. ఇనుము కరగడానికి 1538 డిగ్రీలు కావాలి, జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. అంటే ఇనుము కరిగేలోపే పూత అంతా తెల్లని పొగగా లేచిపోతుంది. తూకంలో ఉన్న ఆ బరువు కరిగిన ఉక్కులో మిగలదు, పైగా పొగను పట్టే ఏర్పాటు చూసుకోవాలి. మా ఊళ్ళోనే మింది దగ్గర 1977లో మొదలై 2012లో మూతపడిన జింకు కర్మాగారం ఉండేది, కానీ అక్కడ ఖనిజం నుంచి జింకు తీసేవారు తప్ప, పాత పైపులకూ దానికీ సంబంధం లేదు.

ఆ తెల్లని పొగ ఏమిటో మా ఇంట్లోనే ఒకసారి చూశాము. పైపులు పొడుగ్గా ఉన్నాయని మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాడు వెనుక సందులో గ్యాస్ కట్టరుతో ముక్కలు చేశాడు. గాలి ఆడని సందు, మూతికి గుడ్డ కూడా లేదు. సాయంత్రానికి వాడికి చలి పుట్టి ఒళ్ళు కాలిపోయింది, నోరంతా తియ్యగా ఉందన్నాడు. డాక్టరుగారు ఏం పనిచేశావని అడిగి, జింకు పొగ పీల్చినవారికి వచ్చే జ్వరమని చెప్పారు. మరునాటికి తగ్గింది. మిగిలిన పైపులను హ్యాక్సా బ్లేడుతో కోయించాను. రెండు రోజుల కూలి అదనంగా పడిందని మామయ్య గొణిగినా నేను పట్టించుకోలేదు. హుద్‌హుద్ తుఫానుకు 2014లో ఎగిరిపోగా మిగిలిన డాబా మీది రేకు ముక్కలు కూడా అదే రకం పూతవి కనుక, వాటినీ పైపులలోనే కలిపేశాము.

తీగల దగ్గరికి వచ్చేసరికి భోగి రెండు రోజుల్లోకి వచ్చింది. పాత తీగలను భోగి మంటలో వేస్తే తొడుగు కాలిపోయి రాగి చేతికొస్తుందని ఆ కుర్రాడే మళ్ళీ అన్నాడు. ప్లాస్టిక్ తొడుగు కాలితే వచ్చే పొగ ఎంత హానికరమో చెబితే వాడు వినలేదు గానీ, కాల్చిన రాగి నల్లబడి పెళుసుబారి తక్కువ ధరకు పోతుందని చెబితే వెంటనే విన్నాడు. చాకుతో తొడుగు చీల్చడం మొదలుపెట్టాక ఒక వింత బయటపడింది. 1970 ప్రాంతంలో వేసిన రబ్బరు తొడుగు తీగలలో లోపల రాగి లేదు, వెండి రంగు తీగ ఉంది. అల్యూమినియం అనుకుని దాదాపు అటు విసిరేశాము. చాకు మొనతో గీకితే ఎర్రని రాగి కనిపించింది. రబ్బరును గట్టిపరచడానికి వాడే గంధకం రాగిని తినేస్తుంది కాబట్టి, రబ్బరు తీగల కాలంలో రాగికి తగరం పూసేవారట. దీనికి సరిగ్గా ఎదురు రకం మా సి.సి. కెమెరాలకు వేసిన చవక కేబుళ్ళలో దొరికింది. తీగ ఎర్రగా ఉంది, కత్తిరించి కొన చూస్తే నడుమ తెల్లగా ఉంది: అల్యూమినియం మీద రాగి తొడుగు. అది కేబులు అమ్మినవారు మాకు చెప్పని సంగతి. రాగి అని చెప్పి దాన్ని అమ్మడానికి నాకు మనసొప్పలేదు. వేరే కట్టగా కట్టి పైన కాగితం అంటించాను.

మామయ్య బీరువాలోని పెద్ద దీపపు సెమ్మెలు రెండు కూడా ఈ సందట్లో బయటికి వచ్చాయి. లాడ్జి ప్రారంభం నాడు ఎవరో బహూకరించినవి, వెండివని ఇంటిల్లిపాదీ నమ్మకం. ఎందుకైనా మంచిదని కురుపాం మార్కెట్‌లో ఒక వెండి వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అడుగున చిన్న గీత గీసి, ఒక చుక్క ద్రావకం వేసి, జర్మన్ సిల్వర్ మీద వెండి పూత అని తేల్చాడు. జర్మన్ సిల్వర్‌లో వెండి రవ్వ కూడా ఉండదు; అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం. ఆ మాట మామయ్యతో చెప్పడానికి రెండు రోజులు ఆగాను. విన్నాక ఆయన సెమ్మెలు మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నారు. వెండి పూత అన్న మాటలో వెండి అయితే ఉంది కదా అన్నారు.

సంక్రాంతి వెళ్ళాక బస్తాలన్నీ చిన్న ట్రాలీలో వేసుకుని, ఎన్.ఎ.డి. కూడలి మీదుగా గాజువాక ఆటోనగర్‌కు తీసుకెళ్ళాము. ముందురోజే ముగ్గురు టోకు వ్యాపారులకు ఫోను చేసి ఏ బస్తాలో ఏముందో, ఎన్ని కిలోలో విడివిడిగా చెప్పి ధరలు అడిగి రాసుకున్నాను. కొట్టులో దిగగానే మొదట చూసింది కాటా మీద తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర. తరువాత ఖాళీ కాటా సున్నా చూపుతోందా అని. మేము ఇంటి దగ్గర తూచిన రాయి ఒకటి వెంట తెచ్చుకుని దాని మీద పెట్టి చూశాను. ఆ వ్యాపారి నవ్వాడు గానీ అభ్యంతరం చెప్పలేదు. ఇత్తడి బస్తాను నేల మీద గుమ్మరించి, తనకు తోచిన ఓ అయిదారు ముక్కలు తీసి ఆకురాయితో గీసి చూశాడు. అన్నిట్లోనూ పసుపే. "హనీ మాలేనండి, జామ్‌నగర్ వెళ్ళిపోతుంది," అని, గుజరాత్‌లో ఇత్తడి పనికి పేరున్న ఊరి మాట చెప్పి, తన మనిషితో కాటా ఎక్కించమన్నాడు. తరుగు మాట ఎత్తలేదు.

ఇత్తడికి కిలో 390, జింకుకు 95, ఇనుముకు 28, స్టెయిన్‌లెస్‌కు 85 కట్టాడు. కుళాయిల వరకు మొత్తం 24,283 రూపాయలు వచ్చింది. రబ్బరూ ప్లాస్టిక్కూ కలిపిన 83 కిలోల మీద పంచుకున్నా కిలోకు 292 పైచిలుకు. మొదటి ముప్పై ఒక్క కిలోలనూ అదే సగటుకు అమ్మి ఉంటే తొమ్మిది వేలు దాటేది. అంటే ఒక ఉక్కు మేకుకు అంటుకున్న అయస్కాంతం చూసి నేను పోగొట్టుకున్నది సుమారు 4,700 రూపాయలు. తగరం పూసిన తీగకు మామూలు మెరిసే రాగి తీగ కన్నా తక్కువ ఇచ్చాడు, అది ముందే ఫోనులో చెప్పాడు కనుక బాధ లేదు. రాగి తొట్లలో అతుకు వేసిన చోట్లు ఉన్నాయని కిలోన్నర తరుగు అడిగాడు, కిలోకు ఒప్పించాను. కాగితం అంటించిన తెల్ల నడుము తీగ కట్టను చేతిలోకి తీసుకుని, ఇలా చెప్పి అమ్మేవారు అరుదని అన్నాడు. ధర మాత్రం ఏమంత పెంచలేదు.

బిల్లు దగ్గర కాస్త ఆలస్యమయింది. మా లాడ్జికి జి.ఎస్.టి. నమోదు ఉంది కనుక, తుక్కు అమ్మినా 18 శాతం పన్నుతో బిల్లు మేమే ఇవ్వాలి. నేను ఫోను చేసిన ముగ్గురిలో ఒకాయన బిల్లు లేకపోతే కిలోకు పది రూపాయలు ఎక్కువిస్తానని చెప్పి ఉన్నాడు. ఆయనకు అక్కడే నమస్కారం పెట్టాను. నమోదు లేనివారు నమోదున్న వ్యాపారికి లోహపు తుక్కు అమ్మితే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను కొనేవారే ప్రభుత్వానికి కట్టాలి, అమ్మేవారికి ఆ బాధ్యత లేదు. ఈ తేడా తెలియని కుర్ర గుమాస్తా మమ్మల్ని కూడా ఆ లెక్కలోనే రాయబోతే సరిచేయించి, మా బిల్లు ఇచ్చి, డబ్బు లాడ్జి బ్యాంకు ఖాతాలోకి వేయించుకుని బయలుదేరాము.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీలో ఒక బస్తా మిగిలే ఉంది. పదహారు గదుల షవర్ తలలు. చూడడానికి కుళాయిల కన్నా అవే ఎక్కువగా మెరుస్తాయి, కానీ అవి ప్లాస్టిక్ మీద వేసిన క్రోమియం; చేతిలోకి తీసుకుంటే తేలిపోతాయి. లోహం కొనేవాడు అది ప్లాస్టిక్ అన్నాడు, పక్క కొట్టులో ప్లాస్టిక్ కొనేవాడు దాని మీద లోహం ఉందన్నాడు. ఆ బస్తా ఇప్పటికీ మెట్ల కిందే ఉంది.